మూడో వాక్యం

మెకానిక్‌ను పట్టుకుపోయిన ఆ పొద్దున ఫ్యాక్టరీలో ఒక్కరికీ నిద్రమత్తు లేదు. ఒక్కరికీ ఒంట్లో నలతగా లేదు. అందరూ వరుసలు తీరి, నిటారుగా నిలబడి, గుండె మీద చెయ్యి పెట్టుకుని, నోరారా దేశ ప్రతిజ్ఞ చెబుతున్నారు. కళ్ళు తెరుచుకునే ఉన్నారు. ఏం జరుగుతోందో అందరికీ తెలుసు. ఎవరూ కదల్లేదు.

ఆ ప్రతిజ్ఞ చెప్పించింది కాజాలక్క. చొక్కాలకు కాజాలు కుట్టే మిషన్ మీద పని చేస్తుంది కాబట్టి ఆ పేరు. అసలు పేరు వాళ్ళాయన కూడా మర్చిపోయాడని, బట్టల అంచులు కుట్టే ఓవర్‌లాక్ మిషన్ మీది పిల్ల ఎగతాళి చేస్తుంది. ఫ్యాక్టరీలో మైకు ఉంది గానీ, కాజాలక్కది మైకు అక్కర్లేని గొంతు. ఆ గొంతు చూసే మేనేజరు ఆమెను అరుగు ఎక్కించాడు. ఆమె ఒక్కో వాక్యం చెప్పాలి, కిందున్న వాళ్ళంతా తిరిగి చెప్పాలి. ఆ సంగతంటే ఆమెకు లోలోపల బోలెడంత గర్వం ఉండేది. ఇంటికి చుట్టాలొస్తే, ఏదో మాట మీద మాట వచ్చినట్టు, అది చెప్పకుండా పంపేది కాదు.

ప్రతిజ్ఞ కొత్తదేమీ కాదు. పరాయివాళ్ళను వెళ్ళగొట్టి ఈ దేశాన్ని నిలబెట్టిన పెద్దలు జైల్లో కూర్చుని రాసుకున్న మాటలవి. అయితే, దాన్ని రోజూ చెప్పి తీరాలన్నది మాత్రం తాత్కాలిక ప్రభుత్వం పెట్టిన నియమం. పరిస్థితులు చక్కబడేదాకా మేం చూసుకుంటాం, తర్వాత ఎన్నికలు పెట్టి వెళ్ళిపోతాం అని వచ్చిన ప్రభుత్వం అది. అది వచ్చినప్పుడు ఉయ్యాలలో ఉన్న పిల్లలు ఇప్పుడు సంచులు తగిలించుకుని బడికి పోతున్నారు. పరిస్థితులు ఇంకా చక్కబడనే లేదు. ఎన్నికల మాట ఎత్తితే గోడలకు చెవులుంటాయి కాబట్టి ఎవరూ ఎత్తరు.

ఇంకో నియమం కూడా ఉంది. ప్రతిజ్ఞ పూర్తయితేగానీ మిషన్లకు కరెంటు ఇవ్వకూడదు. మధ్యలో ఎక్కడ ఆగినా మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. అలా పోయిన సమయమంతా సాయంత్రం పనిలో కలుస్తుంది. అందుకని ఫ్యాక్టరీలో జలుబు చేసినవాడి బతుకు కుక్క బతుకు. తుమ్ము వస్తుందేమోనని ముక్కు నలుపుకున్నా పక్కవాళ్ళు కొట్టేటట్టు చూస్తారు. ఆగకుండా చెప్పడం ఒక్కటే వాళ్ళకు అలవాటైపోయింది. ఏం చెబుతున్నారో ఎవరూ వినడం మానేసి చాలా కాలమైంది.

ఆ పొద్దున కాజాలక్క మొదటి వాక్యం చెప్పింది. "ఈ దేశం ఏ ఒక్కరి సొత్తూ కాదు, అందరి ఇల్లు." అందరూ అన్నారు. అప్పుడే జాలీ వేసిన పోలీసు వ్యాను గేటు దాటి ఆవరణలోకి వచ్చింది. "పాలించేవారు ప్రజలకు జవాబు చెప్పి తీరాలి." అదీ అన్నారు. వ్యానులోంచి దిగినవాళ్ళు నేరుగా వెనక వరుసలోకి పోయి, గుడ్డపీలికతో చేతుల నూనె తుడుచుకుంటున్న మెకానిక్‌ను రెండు రెక్కలూ పట్టుకున్నారు.

"ఎందుకండీ?" అన్నాడు మెకానిక్.

గట్టిగా ఏమీ అనలేదు. బస్సులో సీటులోంచి లేవమంటే అడిగినట్టు అడిగాడు. జవాబు రాలేదు. అప్పుడతను తలెత్తి అరుగు వైపు చూశాడు.

కింద ఉన్నవాళ్ళలో దాదాపు అందరికీ వీపు వెనక జరుగుతున్న పని అది. చూడలేదని బుకాయించుకోవడానికి వాళ్ళకు ఓ దారి ఉంది. కాజాలక్కకు అది కూడా లేదు. చెప్పించేది ఆమె కాబట్టి అందరికీ ఎదురుగా నిలబడి ఉంది. మెకానిక్ కళ్ళు ఆమె కళ్ళల్లోనే పడ్డాయి. అతని చెయ్యి పట్టుకున్న పోలీసు చొక్కా మణికట్టు దగ్గర కాజా కూడా ఆమెకు కనిపించింది. ఆ చొక్కాలు కుట్టేది ఈ ఫ్యాక్టరీయే. ఆ కాజా ఆమె మిషన్ మీద పుట్టిందే.

ఆగితే మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి. నిజం చెప్పాలంటే ఆ క్షణంలో ఆమె బుర్రలోకి వచ్చిన ఆలోచన అదొక్కటే. ఆమె ఆగలేదు.

"మాలో ఒక్క మనిషినైనా కారణం చెప్పకుండా పట్టుకుపోతుంటే, మేము చూస్తూ ఊరుకోము."

"మేము చూస్తూ ఊరుకోము," అన్నారు అందరూ, ఒక్క గొంతుతో.

వ్యాను తలుపు ధన్‌మని పడింది. కాజాలక్క నాలుగో వాక్యం అందుకుంది. ప్రతిజ్ఞ పూర్తయింది, కరెంటు వచ్చింది, మిషన్లన్నీ ఒక్కసారి మోత ఎత్తుకున్నాయి.

మెకానిక్ చేసిన నేరం ఏమిటో అందరికీ తెలుసు. అంతకు కొన్నాళ్ళ ముందు ఒక పెద్ద అధికారి ఫ్యాక్టరీ చూడ్డానికి వచ్చాడు. వెళ్ళబోతూ, మీకేమైనా ఇబ్బందులున్నాయా అని నవ్వుతూ అడిగాడు. అలా అడిగినప్పుడు ఏమీ లేవు సార్ అనాలి, అది మర్యాద. మెకానిక్ మాత్రం మిషన్ కిందనుంచి తల బయటపెట్టి, "ఎన్నికలు ఎప్పుడు సార్?" అన్నాడు. అందరూ ఘొల్లున నవ్వారు. అధికారి కూడా నవ్వాడు. నవ్వుతూనే, ఈ కుర్రాడి పేరేమిటని మేనేజరును అడిగాడు.

మధ్యాహ్నం మెకానిక్ వాళ్ళమ్మ ఎప్పటిలాగే క్యారేజీ పట్టుకుని గేటు దగ్గరికి వచ్చింది. ఫ్యాక్టరీలో అందరూ ఆమెను పెద్దమ్మ అంటారు. ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. పొద్దుటి నుంచి ఇంతమంది ఉండి, చాలామందికి ఆమె ఇంటిదాకా వెళ్ళి చెప్పాలన్న ఆలోచనే రాలేదు. వచ్చినవాళ్ళు కూడా, ఎవరో ఒకరు చెబుతారులే అనుకున్నారు.

"మావాణ్ణి పిలవండమ్మా, అన్నం చల్లారిపోతోంది," అంది పెద్దమ్మ.

చెట్టు నీడన చేరిన ఆడవాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు. ఓవర్‌లాక్ పిల్లకు ఊరందరి మీదా నోరే. అలాంటిది కాలితో మట్టి గీకుతూ కూర్చుంది. ఇస్త్రీ సెక్షన్ అన్న నీళ్ళు తాగే వంక పెట్టుకుని పంపు దగ్గరికి పోయాడు. కాజాలక్క లేచి గేటు దగ్గరికి వెళ్ళింది.

"పొద్దున పోలీసులొచ్చి తీసుకెళ్ళారు పెద్దమ్మా."

పెద్దమ్మ క్యారేజీ కింద పెట్టలేదు. "ఎందుకని?"

"చెప్పలేదు."

"మీరు అడగలేదా?"

కాజాలక్క గేటు ఊచలు పట్టుకుంది.

"అప్పుడు మీరంతా ఎక్కడున్నారు?"

"ఇక్కడే ఉన్నాం. ప్రతిజ్ఞ చెబుతున్నాం."

పెద్దమ్మ కాసేపు ఆమె మొహంలోకి చూసింది. కోపంగా ఏమీ చూడలేదు. ఏదో అర్థం కాని లెక్క చూస్తున్నట్టు చూసింది. ఆ ప్రతిజ్ఞను మొదటిసారి నడివీధిలో చదివిన రోజు, పెద్దమ్మ చిన్నపిల్లగా తండ్రి భుజాలెక్కి విన్నదట. ఆ ముచ్చట మెకానిక్ అందరికీ చెప్పి ఉన్నాడు.

"అప్పటికి మూడోదాని దాకా వచ్చారా?" అని అడిగింది.

"వచ్చాం పెద్దమ్మా."

"అది కూడా చెప్పారా?"

కాజాలక్కకు తల కొట్టేసినట్టయింది. ఔనని తల ఊపింది. పెద్దమ్మ తిట్టి ఉంటే బాగుండేది, శాపనార్థాలు పెట్టి ఉంటే ఇంకా బాగుండేది. ఆమె గేటు పక్కనే గోడకు ఆనుకుని, క్యారేజీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పని వదిలేదాకా అక్కడే ఉంది. వచ్చేపోయేవాళ్ళు ఆమెను దాటుకుంటూ, తేలు కుట్టిన దొంగల్లా తలలు వంచుకుని నడిచారు.

ఇంటికి వెళ్ళాక కాజాలక్క కూతురితో చెప్పింది. కూతురు కాలేజీలో చదువుతోంది, చదువుకు తగ్గ పొగరూ ఉంది.

"ఆ ప్రతిజ్ఞ గురించి అంత బాధపడతావేంటమ్మా? అది రాసినవాళ్ళంతా పెద్దిళ్ళవాళ్ళు. రాసేటప్పుడు వాళ్ళ మనసులో నీలాంటిది ఉందనుకుంటున్నావా? మిషన్ తొక్కే ఆడది?" అంది కూతురు.

"అది తర్వాత సంగతి. నేను చెప్పించానే. నేను చెప్పించాను," అంది కాజాలక్క.

"మరి మా కాలేజీలో? రోజూ చెబుతాం. పోయిన నెల మా క్లాసులో ఇద్దర్ని..." కూతురు ఆగిపోయింది. కళ్ళు తిప్పుకుంది. "మేమూ ఏమీ అనలేదులే."

తల్లీ కూతుళ్ళిద్దరూ ఆ పూట ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోకుండా అన్నం తిన్నారు.

మర్నాడు కాజాలక్క అరుగు ఎక్కింది. ఆపాలని అనుకుని ఎక్కలేదు. అలాంటి ధైర్యాలు ఆమె వంశంలో లేవు. మొదటి వాక్యం చెప్పింది, రెండోది చెప్పింది. వెనక వరుసలో మెకానిక్ నిలబడే చోట ఎవరూ నిలబడలేదు. మూడోదానికి నోరు తెరిచింది, మాట పెగల్లేదు.

"ఏమైంది?" అన్నాడు మేనేజరు కింద నుంచి.

"గొంతు రావట్లేదు సార్."

నీళ్ళు తెప్పించాడు. తాగింది. మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది. మళ్ళీ అక్కడే ఆగిపోయింది. కిందున్నవాళ్ళు గొణగడం మొదలుపెట్టారు, సాయంత్రం ఇంటికి పోవడం ఆలస్యమవుతుందని. మేనేజరు అరుగు దగ్గరికి వచ్చి, "గొంతు బాగోలేకపోతే దిగిపో అమ్మా. ఇంకొకరు చెబుతారు," అన్నాడు.

ఆ సందు దొరికింది కదా, దిగిపోవచ్చు. మేనేజరు మంచి మాటే చెప్పాడు. కానీ కాజాలక్కకు పెద్దమ్మ గేటు పక్కన కూర్చున్న సంగతి తెలుసు, ఇవాళ కూడా పొద్దున్నే వచ్చి కూర్చుంది.

"గొంతు బాగానే ఉంది సార్. ఆ వాక్యం అబద్ధం. నిన్న చెప్పేశాను, ఇవాళ చెప్పలేను," అంది. మైకు ముందుంది కాబట్టి అందరికీ వినబడింది.

మేనేజరు మొహం కత్తివాటుకు నెత్తురు చుక్క లేనట్టయింది. ఆమెను దింపేసి లైన్ సూపర్‌వైజర్‌ను ఎక్కించాడు. సూపర్‌వైజర్ గబగబా చదివాడు, అందరూ గబగబా అన్నారు. మూడోది కూడా అన్నారు. వరుసలో నిలబడి ఉన్న కాజాలక్క నోరు మూసుకుంది. అటూ ఇటూ ఉన్నవాళ్ళు "మేము చూస్తూ ఊరుకోము" అంటూ ఆమెకు కాస్త ఎడంగా జరిగారు. కరెంటు వచ్చింది.

కానీ ఆ పూట పని సాగలేదు. కాలర్లు తలకిందులుగా కుట్టారు, జేబులు మీదివి కిందికి, కిందివి మీదికి పోయాయి. మధ్యాహ్నం అన్నాల వేళ ఎవరూ పిలవకుండానే అందరూ కటింగ్ గదిలో చేరారు. పొడుగాటి బల్ల మీద బట్ట తానులు పరిచి ఉన్నాయి. ఆవిర్భావ దినం కవాతుకు పోలీసులకు కొత్త యూనిఫారాలు, అర్జంటు ఆర్డరు. బల్ల అవతల కటింగ్ మాస్టరు సుద్దముక్క చేత్తో పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఫ్యాక్టరీలో అందరికంటే పెద్దవాడు, అందరికీ బాబాయ్.

ముందు నోరు చేసుకున్నది ఇస్త్రీ అన్న. "నువ్వు గొప్పదానివైపోయావక్కా. మేమంతా ఎందుకూ పనికిరానివాళ్ళం. నాకు ఇద్దరు పిల్లలు. వాడు నోరు అదుపులో పెట్టుకుని ఉంటే ఇదంతా వచ్చేదా?"

"వాడేమడిగాడు? ఎన్నికలెప్పుడని. నువ్వు ఇంట్లో రోజూ అడిగేదేగా," అంది ఓవర్‌లాక్ పిల్ల.

"ఇంట్లో అడగడం వేరు."

"ఔను, వేరు. ఇంట్లో అయితే పెళ్ళాం జవాబు చెబుతుంది."

కొందరు నవ్వబోయి మానుకున్నారు. ఇస్త్రీ అన్న ఎర్రబడ్డాడు. "నవ్వండి. నిన్న ఎక్కడ చూస్తున్నావు నువ్వు? చెప్పు. వాణ్ణి ఈడ్చుకుపోతుంటే ఎటు చూస్తున్నావు?"

ఓవర్‌లాక్ పిల్ల బల్ల మీది గుడ్డ కొస మెలిపెడుతూ, "ముందు నిలబడ్డామె జడ చూస్తున్నా. జడకు రబ్బరు బ్యాండు వదులైంది. అది ఎప్పుడు ఊడుతుందా అని చూస్తున్నా," అంది. అని తల వంచుకుని ఏడ్చింది.

ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే ఒక్కొక్కరూ చెప్పడం మొదలుపెట్టారు. ఒకరు పైకప్పు రేకులు చూశారట. ఒకామె కళ్ళు మూసుకుని, భక్తిగా ఉన్నట్టు నటించిందట. ఇస్త్రీ అన్న తన చెప్పులు చూసుకున్నాడట. "వాడు నా పక్కనే ఉన్నాడు. వాడి భుజం నా భుజానికి తగిలింది. నేను కొంచెం జరిగాను, వాళ్ళకు దారి ఇవ్వడానికి. జరిగి దారి ఇచ్చాను," అన్నాడు. ఆ మాట అనేసి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

మాస్టరు సుద్దముక్క బల్ల మీద పెట్టాడు. "ప్రతిజ్ఞకు రాకముందే, ఈ గది కిటికీలోంచి వ్యాను వీధి మలుపులో ఆగి ఉండటం చూశాను. అది ఎవరికోసమో కూడా నాకు అనుమానం వచ్చింది. చెబితే వాడు వెనక గోడ దూకి పోయేవాడు. చెప్పలేదు," అన్నాడు.

ఆ గదిలో మంచివాళ్ళు లేరు, చెడ్డవాళ్ళు లేరు, అందరూ ఒకటే తప్పు చేసినవాళ్ళు. ఈ కథ వింటున్న మీరు, అక్కడ మేముంటేనా అని మీసం తిప్పకండి. అక్కడున్నవాళ్ళు కూడా మొన్నటిదాకా అలాగే అనుకున్నారు.

"సమ్మె చేద్దాం," అన్నారెవరో.

"సమ్మె అంటే సాయంత్రానికి అందరం లోపల ఉంటాం. చట్టం చేసి కూర్చున్నారు," అన్నారు ఇంకెవరో.

ఓవర్‌లాక్ పిల్ల ముక్కు చీదుకుంటూ, "అయితే రేపు మూడోదాని దగ్గర నేను తుమ్ముతా. ఎల్లుండి ఇంకొకరు తుమ్మండి. మళ్ళీ మొదటి నుంచి, మళ్ళీ మొదటి నుంచి. ఇంక కరెంటు ఎక్కడిది?" అంది.

ఎగతాళికే అంది. కానీ గదిలో అందరూ ఒక్కసారి తలలెత్తారు. నియమం సర్కారుదే కదా మరి. పూర్తయితేగానీ కరెంటు ఇవ్వకూడదు.

"తుమ్మితే జలుబంటారు," అంది కాజాలక్క. "మందుబిళ్ళ ఇస్తారు. తుమ్ములొద్దు, దగ్గులొద్దు. ఆ వాక్యం దగ్గర ఆగిపోదాం. ఎందుకు ఆగారంటే, అబద్ధం చెప్పలేక ఆగాం అని చెబుదాం."

"అదంత గొప్ప వాక్యమా అక్కా? పెద్దోళ్ళు రాసుకున్నది. అందులో మనం ఉన్నామా?" అన్నారు వెనక నుంచి. కాజాలక్కకు కూతురు మాటే మళ్ళీ విన్నట్టయింది. మాస్టరు వైపు చూసింది.

"ఉన్నామో లేదో నాకూ తెలీదు," అన్నాడు మాస్టరు. "రాసినవాళ్ళేమీ దేవుళ్ళు కాదు. వాళ్ళ ఇళ్ళల్లోనూ పనివాళ్ళు గడప బయటే కూర్చున్నారు. కానీ తలుపు మాత్రం తీసే పోయారు. ఒక్క మనిషినైనా అన్నారు, ఫలానా మనిషిని అనలేదు. మన మెకానిక్ మనిషా కాదా? అంతవరకు తేల్చుకుంటే చాలు."

"మరి ఈ సర్కారు ఆ మాటల్నే గోడల నిండా రాయిస్తోందిగా?"

"రాయించనీ. రాసిందాన్ని మనం నమ్ముతామని వాళ్ళు అనుకోలేదు. ఇన్నాళ్ళూ మనమూ నమ్మలేదు."

ఇస్త్రీ అన్న గోడ వైపు నుంచి తిరిగాడు. కళ్ళు తుడుచుకోలేదు. "నాకు భయంగా ఉంది. అది ముందే చెబుతున్నా. రేపు ఆగుతాను గానీ, నాకు భయంగా ఉంది," అన్నాడు.

"అందరికీ అంతే అన్నా," అంది ఓవర్‌లాక్ పిల్ల, ఈసారి ఎగతాళి లేకుండా.

మర్నాడు సూపర్‌వైజర్ అరుగెక్కాడు. మొదటి వాక్యం అన్నారు. రెండోది ఎప్పటికంటే గట్టిగా అన్నారు. మూడోది సూపర్‌వైజర్ మైకులో చదివి ఆగాడు. కింద నుంచి చప్పుడు లేదు. అంతమంది జనం ముందు ఆ మనిషి ఒక్కడే "మేము చూస్తూ ఊరుకోము" అన్నట్టయింది. అతను కాగితం వైపు చూశాడు, జనం వైపు చూశాడు, చెవులదాకా ఎర్రబడ్డాడు. మళ్ళీ మొదటి నుంచి చదివాడు. మళ్ళీ అక్కడే ఆగారు. ఎండ అరుగు మీదికి ఎక్కేదాకా అలాగే జరిగింది. ఆఖరికి సూపర్‌వైజర్ కూడా మూడోదాన్ని చదవడం మానేసి, దాని దగ్గరికి రాగానే తనే ఆగిపోవడం మొదలుపెట్టాడు.

అది మొదలు, రోజులు గడిచాయి గానీ కరెంటు రాలేదు. మేనేజరు బతిమాలాడు, బెదిరించాడు, నా ఉద్యోగం పోతుందర్రా అని దాదాపు ఏడ్చాడు. పనివాళ్ళు రోజూ సమయానికి వచ్చారు, రోజూ వరుసల్లో నిలబడ్డారు, రోజూ రెండు వాక్యాలు చెప్పారు. కవాతు యూనిఫారాలు కటింగ్ బల్ల మీద చేతులు లేకుండా పడి ఉన్నాయి. పక్క సబ్బుల ఫ్యాక్టరీ వాళ్ళు గోడ మీదుగా తలలు పెట్టి, ఏం జరుగుతోందని అడిగి పోయేవారు. పెద్దమ్మ రోజూ క్యారేజీతో వచ్చి కూర్చునేది. ఎవరైనా అన్నం తిన్నావా అని అడిగితే తల అడ్డంగా ఊపేది. కాజాలక్క ఆమెకు ఎదురుపడిన ప్రతిసారీ, ఇదంతా ఆ మొదటి రోజే చేసి ఉంటే అన్న మాటే మనసులో మెదిలేది. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నాం అనుకునేది. ఎంత ఆగినా, ఆ రోజు ఆగనిదానికి చెల్లు కాదు.

చివరికి వ్యాను మళ్ళీ వచ్చింది. ఈసారి దానితో ఒక ఆఫీసరు కూడా వచ్చాడు. మెత్తటి మనిషి, మర్యాదగా మాట్లాడాడు.

"సమ్మె నేరమని మీకు తెలుసు కదా?"

"సమ్మె కాదు సార్. ప్రతిజ్ఞ చెబుతున్నాం," అన్నాడు మాస్టరు.

"అయితే పూర్తి చెయ్యండి."

"మూడోదాని దగ్గర ఆగిపోతోంది సార్. మా మెకానిక్‌ను ఎందుకు తీసుకెళ్ళారో చెబితే ముందుకు పోతాం."

ఆఫీసరు నవ్వాడు. "ఇంతేనా. మూడోది వదిలెయ్యండి. రెండోదాని తర్వాత నాలుగోది చెప్పండి. నేను అనుమతిస్తున్నాను."

వరుసల్లో గుసగుసలు లేచాయి. మాస్టరు చేతులు కట్టుకునే అన్నాడు, "ఆ మాట మైకులో చెప్పండి సార్. పెద్దలు రాసినదాంట్లోంచి ఈ వాక్యాన్ని ఇవాళ్టి నుంచి తీసేశామని చెప్పండి. వదిలేస్తాం."

ఆఫీసరు మైకు వైపు చూశాడు. మైకు పైన గోడ మీద పెద్దల పటాలున్నాయి, ఆవిర్భావ దినం వస్తోందని వాటికి కొత్త రంగు కాగితాలు చుట్టి ఉన్నాయి. మైకు తీగ గేటు పక్క స్తంభం మీది లౌడ్‌స్పీకరుకు పోతుంది, వీధంతా వింటుంది. అతను మైకు దగ్గరికి పోలేదు. నవ్వు కూడా పోయింది.

"మొదట ఆపింది ఎవరు?"

ఎవరూ వేలు చూపలేదు. మేనేజరు కూడా చూపలేదు, ఆ మెప్పు అతనికి దక్కాలి. కాజాలక్క తనే వరుసలోంచి బయటికి వచ్చింది. ధైర్యం వచ్చి కాదు. లోపల దాక్కుని ఉంటే ఇంకోసారి సిగ్గుపడాలి, దానికి ఆమెలో చోటు మిగల్లేదు.

"నేనే సార్. మొదటి రోజే ఆపాల్సింది. మర్నాడు ఆపాను," అంది.

ఇద్దరు పోలీసులు ఆమె రెక్కలు పట్టుకున్నారు. వెనక్కి తిరిగి చూడకూడదనుకుంది. చూస్తే అందరూ చెప్పులు చూసుకుంటూ ఉంటారేమోనని భయం. అడుగుల చప్పుడు వినబడింది. ఆమె చూసేసరికి వరుసలు లేవు. ఎవరూ అరవలేదు, ఎవరూ ఎవరినీ తోయలేదు. వచ్చి వ్యాను చుట్టూ నిలబడ్డారు, అంతే. ఇస్త్రీ అన్న వ్యాను తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"వరుసల్లోకి పొండి," అన్నాడు ఆఫీసరు.

"ఆమెను ఎందుకు తీసుకెళ్తున్నారు?" అంది ఓవర్‌లాక్ పిల్ల.

"ప్రతిజ్ఞను అవమానించినందుకు."

"విన్నారా, కారణం చెప్పారు," అంది ఆ పిల్ల వెనక్కి తిరిగి. "ఆ రోజు అడగలేదు, చెప్పలేదు. ఇవాళ అడిగాం, చెప్పారు." మళ్ళీ ఆఫీసరు వైపు తిరిగింది. "మెకానిక్‌ది కూడా చెప్పండి. విని పోతాం."

ఆఫీసరు పోలీసులకు సైగ చేశాడు. వాళ్ళు ఇస్త్రీ అన్నను పక్కకు నెట్టారు. కాజాలక్కను ఎక్కించారు. జనం అడ్డం తప్పుకోలేదు, వ్యాను ముందు నడవడం మొదలుపెట్టారు. స్టేషన్ దాకా మేమూ వస్తాం, అందరి పేర్లూ రాసుకోండి అన్నాడు మాస్టరు. వ్యాను హారన్ మోగిస్తూ మనిషి నడకన గేటు దాటింది.

పెద్దమ్మ గోడ దగ్గర నుంచి లేచి వచ్చింది. వ్యాను పక్కనే నడుస్తూ, జాలీలోంచి కాజాలక్కను చూసింది. కాజాలక్క చేతులు జోడించబోయింది, పెద్దమ్మ దాన్ని పట్టించుకోలేదు.

"మావాణ్ణి పెట్టిన చోటికే నిన్నూ తీసుకుపోతారేమో. కనబడితే, అన్నం తింటున్నాడో లేదో అడుగు," అంది.

"అడుగుతాను పెద్దమ్మా."

అంతకుమించి వాళ్ళిద్దరి మధ్య మాటల్లేవు. క్షమించాననీ అనలేదు, క్షమించమనీ అడగలేదు. కాజాలక్కకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఇంతమంది నడిచి వస్తున్నారు. ఆ రోజు వీళ్ళలో సగం మంది కదిలి ఉన్నా ఆ కుర్రాడు ఇవాళ వెనక వరుసలో చేతుల నూనె తుడుచుకుంటూ ఉండేవాడు. ఆ సంగతి నడుస్తున్న వాళ్ళందరికీ తెలుసు. అందుకే ఎవరూ నినాదాలు ఇవ్వడం లేదు, తలలు వంచుకునే నడుస్తున్నారు. అయినా ఆగడం లేదు.

వ్యాను సబ్బుల ఫ్యాక్టరీ ముందుకు వచ్చింది. అక్కడ పని కాస్త ఆలస్యంగా మొదలవుతుంది. స్తంభం మీది లౌడ్‌స్పీకరులోంచి ప్రతిజ్ఞ వినబడుతోంది. ఈ దేశం ఏ ఒక్కరి సొత్తూ కాదని అన్నారు. పాలించేవారు జవాబు చెప్పి తీరాలని అన్నారు. రోడ్డు మీది జనం ఎవరూ చెప్పకుండానే నిలబడిపోయారు. వ్యాను కూడా ఆగక తప్పలేదు. ఆఫీసరు ముందు సీట్లోంచి తల బయటపెట్టి లౌడ్‌స్పీకరు వైపు చూశాడు.

మూడో వాక్యం రాలేదు. మైకులో ఎవరో గట్టిగా ఊపిరి పీల్చడం వినబడింది. ఆ తర్వాత లోపల వాళ్ళు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టారు.